ఆగుదూరము: రైలు సిగ్నళ్ళ కథ

రైలుప్రమాదమునుగూర్చి వార్త వినినప్పుడెల్ల ఇంటింట ఒకే ప్రశ్న పుట్టుచుండును. "ఎదుట బండి నిలిచియున్నది గదా! డ్రైవరు చూడలేదా? చూచినచో బ్రేకు వేయలేదా?" అని. ప్రశ్న సహజమైనదే. సైకిలు త్రొక్కువాడు వీథిలో ఆవు అడ్డము వచ్చినచో రెండు బారలలో ఆపుకొనును. బస్సు నడుపువాడు పిల్లవాడు కనబడినంతనే బ్రేకు త్రొక్కును. రైలు నడుపువాని కన్నులు వీరి కన్నులకంటె మందమైనవి కావు. అతని చేయి వీరి కాలికంటె నెమ్మదియైనది కాదు. మఱి రైలు మాత్రమేల ఆగదు?

ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొన్నచో, పట్టాల ప్రక్కన నిలిచియుండు రెక్కలు, దీపములు, మైలురాళ్ళవంటి పలకలు అచ్చటచ్చటనే ఎందుకు పాతబడినవో మనకు బోధపడును. అంతకంటె ముఖ్యముగా, ప్రమాదము జరిగినప్పుడు మనము ఎవరిని ఏమి అడుగవలెనో తెలియును. నేటి ప్రసంగమున ఆ విషయమును శ్రోతలకు విన్నవింప దలచినాము.

మొదట బండి సంగతి చూతము. ఇరువదికి పైగా పెట్టెలు గల ఎక్స్‌ప్రెస్ బండి బరువు ప్రయాణికులతో కలిపి 1,000 టన్నులకు మించును. ఈ భారమంతయు ఉక్కుచక్రములమీద, ఉక్కుపట్టాలమీద నిలుచును. ఒక్కొక్క చక్రము పట్టాను తాకు తావు చిన్న నాణెమంత కూడ ఉండదు. ఉక్కుమీద ఉక్కు సుఖముగా జారిపోవును. రోడ్డుమీద రబ్బరు టైరునకు గల పట్టులో సగము పట్టు కూడ ఇచ్చట దొరకదు. వాన చినుకులు పడినచో, మంచు కురిసినచో, పట్టాలమీద నూనె చిందినచో, ఉన్న పట్టు సైతము సన్నగిల్లును.

అయితే ఈ జారుడే రైలునకు ప్రాణమని మఱువరాదు. పట్టాకును చక్రమునకును రాపిడి తక్కువగుటచేతనే ఒక్క ఇంజను వేలకొలది టన్నుల బొగ్గును, ధాన్యమును లాగుకొని పోగలుగుచున్నది. లాగుటకు ఏది సుగుణమో ఆపుటకు అదియే దోషము. బ్రేకును మితిమీరి బిగించినచో లాభము లేదు. చక్రములు తిరుగుట మాని, బిగుసుకొని, పట్టాలమీద జారిపోవును. అప్పుడు బండి ఆగుటకు బదులు మఱింత దూరము పోవును.

ఇక వేగము సంగతి. వేగము రెట్టింపైనచో ఆగుటకు కావలసిన దూరము కూడ రెట్టింపగునని మనము తలచెదము. అది పొరపాటు. వేగము రెట్టింపైనచో దూరము నాలుగురెట్లగును. వేగము మూడింతలైనచో దూరము తొమ్మిదింతలగును. ఒక లెక్క వేసి చూతము. బ్రేకు పడినది మొదలు బండి వేగము ప్రతి సెకనునకు గంటకు 1.8 కిలోమీటర్ల చొప్పున తగ్గుచున్నదని అనుకొందము. గంటకు 25 కిలోమీటర్ల వేగమున పోవు బండి రమారమి 50 మీటర్లలో ఆగును. 50 కిలోమీటర్ల వేగమున పోవునది 190 మీటర్లకు పైగా పోయి ఆగును. 100 కిలోమీటర్ల వేగమున పోవునది 770 మీటర్లు పోవును. 130 కిలోమీటర్ల వేగమున పోవునదైనచో 1,300 మీటర్లు పోయినగాని ఆగదు.

ఈ లెక్కలో డ్రైవరు చూచుటకును, తెలిసికొనుటకును, చేయి కదపుటకును పట్టు కాలము చేరలేదు. బ్రేకు పిడి త్రిప్పిన తరువాత ఆ ప్రభావము కట్టకడపటి పెట్టెవరకు ప్రాకుటకు పట్టు కాలమును చేరలేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 28 మీటర్లు ముందునకు పోవును. నాలుగు సెకనులు గడచుసరికి 110 మీటర్లు పట్టాలమీద కరిగిపోవును. దారి పల్లమైనచో ఇంకను ఎక్కువ దూరము కావలెను. కావుననే ఇట్టి వేగమున పోవు బండికి ఆగుదూరము కిలోమీటరు చేరువలో ఉండునని రైల్వేవారు స్థూలముగా ఎంచుకొందురు.

ఇప్పుడు అసలు చిక్కు చూడుడు. రాత్రివేళ, వంపు తిరిగిన దారిలో, రెండుప్రక్కల గట్టులు గల కోతలో, కిలోమీటరు దూరమునందున్న ఎర్రదీపములేని పెట్టె ఏ కన్నునకు కనబడును? కనబడినప్పుడు బ్రేకు వేసినచో అప్పటికే ఆలస్యమైపోయి యుండును. రైలు నడుపువాని చూపుదూరమునకంటె అతని బండి ఆగుదూరము పెద్దది. రైలుప్రయాణ భద్రత యంతయు ఈ ఒక్క వాక్యముమీదనే నిలిచియున్నది. ఇతర వాహనములవాడు తన కన్నులను నమ్మి నడుపును. రైలువాడు ఇతరుల మాటను నమ్మి నడుపవలెను. ఆ మాటకే సిగ్నలని పేరు.

ఈ సత్యమును మానవులు ఒక్కనాడు కనుగొనలేదు. ప్రతి నియమమునకును వెనుక ప్రాణములు పోయిన దినమొకటి కలదు.

ఇంగ్లండులో రైళ్ళు నడచిన తొలిదినములలో బండ్లకు నడుమ దూరమును కొలుచుట లేకుండెను, కాలమును కొలిచెడివారు. ఒక బండి పోయిన తరువాత ఇన్ని నిముషములు ఆగి రెండవ బండిని విడుచుట పద్ధతి. ముందు బండి దారిలో ఆగిపోయినచో ఈ గడియారపు లెక్క ఏమగును? 1861 ఆగస్టు 25వ తేదీ ఆదివారము ఉదయము ఆ ప్రశ్నకు ఉత్తరము దొరికెను. బ్రైటన్ పట్టణమునుండి మూడు బండ్లు ఏడు నిముషముల వ్యవధిలో ఒకదాని వెనుక నొకటి బయలుదేరెను. దారిలో క్లేటన్ అను సొరంగము కలదు. మొదటి బండి లోపలికి పోయిన తరువాత అచ్చటి సిగ్నలు తనంతతాను ప్రమాదసూచనకు మరలవలసియుండగా మరలలేదు. రెండవ బండి వచ్చెను. కావలివాడు ఎర్రజెండా ఊపెను. ఆ డ్రైవరు జెండా చూచెనో లేదో అతనికి తెలియలేదు. నిజమునకు డ్రైవరు చూచెను. సొరంగములోనికి పోయి బండిని ఆపి, వెనుకకు నడుప నారంభించెను. ఇంతలో కావలివాడు అవతలి కొననున్న తోటివానికి తంతి కొట్టి సొరంగములో బండి యున్నదా యని అడిగెను. అవతలివాడు మొదటి బండి వెలువడుట చూచినవాడు. సొరంగము ఖాళీ యని బదులు చెప్పెను. ఒకడు రెండవ బండినిగూర్చి అడిగెను. మఱియొకడు మొదటి బండినిగూర్చి చెప్పెను. మూడవ బండికి దారి దొరికెను. చీకటిలో 23 మంది మరణించిరి. 176 మంది గాయపడిరి. ఆ కావలివాడు వారమున కొక పూర్తిదినము సెలవు దక్కించుకొనుటకై ఆనాడు ఇరువదినాలుగు గంటల పని చేయుచుండెనను సంగతిని మేము ప్రత్యేకముగా మీకు మనవి చేయుచున్నాము. దానిని జ్ఞాపకముంచుకొనుడు.

కాలమును కాక దూరమును కొలువవలెనని ఇట్టి అనుభవములు నేర్పెను. దారినంతయు ముక్కలుగా విభజించి, ఒక ముక్కలో ఒక బండి యున్నంతవరకు రెండవ బండిని రానీయకుండుట ఈ పద్ధతి. దీనినే బ్లాకు పద్ధతి యందురు. గడియారము అబద్ధమాడవచ్చును గాని, ఖాళీగానున్న దారి అబద్ధమాడదు. అయినను ఖర్చునకు వెరచి పలు కంపెనీలు చిరకాలము ఈ మార్పు చేయలేదు.

1889 జూన్ 12వ తేదీన ఐర్లండులో ఆర్మా పట్టణమునుండి సముద్రతీరమునకు విహారార్థము ఒక బండి బయలుదేరెను. అందు ఎక్కువమంది పిల్లలు. బండి బరువెక్కువ, దారి ఎత్తు. ఎక్కలేక ఇంజను నిలిచిపోయెను. బండిని రెండుగా విడదీసి ముందు సగమును మొదట లాగుకొనిపోవుద మని సిబ్బంది తలచిరి. ఆ బండి బ్రేకు ఎట్టిదనగా, ఇంజనుతో సంబంధమున్నంతవరకే అది పనిచేయును. సంబంధము తెగినంతనే సడలిపోవును. వెనుక సగమును ఒక చేతిబ్రేకును, చక్రములక్రింద పెట్టిన రాళ్ళును పట్టియుంచెను. ఇంజను కదలునపుడు ఒకింత వెనుకకు తగిలెను. రాళ్ళు నలిగిపోయెను. పెట్టెలు పల్లమునకు దొరలసాగెను. క్రిందినుండి, గడియారమును నమ్మి విడిచిన రెండవ బండి ఎదురు వచ్చుచుండెను. రమారమి 80 మంది చనిపోయిరి. ఆ సంవత్సరముననే అచ్చటి పార్లమెంటు చట్టము చేసెను. ప్రయాణికుల దారులన్నిటను బ్లాకు పద్ధతి యుండవలెను. సిగ్నళ్ళకును పాయింట్లకును పరస్పర బంధనము, అనగా ఇంటర్‌లాకింగు, ఉండవలెను. బండి పొడవున తనంతతాను పనిచేయు బ్రేకు ఉండవలెను. ఈ మూడును నేటికిని ప్రపంచమున రైలుభద్రతకు మూడు కాళ్ళవంటివి.

తనంతతాను పనిచేయు బ్రేకును మీరందరు ప్రయాణములో చూచియే యున్నారు. పెట్టెకును పెట్టెకును నడుమ వ్రేలాడు గొట్టములలో గాలి నిండియుండును. మన దేశపు బండ్లలో ప్రధానగొట్టమున చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాముల ఒత్తిడి యుండును. ఆ ఒత్తిడి యున్నంతవరకు బ్రేకులు విడిచియుండును. ఒత్తిడి తగ్గినచో పట్టుకొనును. కావున గొట్టము తెగినను, బండి రెండుగా విడిపోయినను, పెట్టెలోని గొలుసు లాగినను, గాలి వెలువడి బ్రేకు తనంతట పడును. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ 1872 ప్రాంతమున రూపొందించిన ఉపాయమిది. ఆర్మా బండిలో ఇట్టి బ్రేకు ఉండినచో విడదీసిన పెట్టెలు కదలియుండెడివి కావు.

రెక్క సిగ్నలులోను ఇదే నీతి కలదు. మన ప్రాంతమున పూర్వము ప్రతి స్టేషనులో కనబడిన రెక్క, అడ్డముగానున్నచో ఆగుమని అర్థము. క్రిందికి వంగినచో పొమ్మని అర్థము. ఆ రెక్కను తీగెతో లాగి వంచెడివారు. తీగె తెగినచో ఏమగును? రెక్కకు కట్టిన బరువు దానిని మరల అడ్డముగా నిలుపును. పరికరము చెడినను అది "ఆగుము" అనియే చెప్పవలెను గాని "పొమ్ము" అని చెప్పరాదు. చెడినప్పుడు కూడ మేలువైపునకే చెడవలెననునది రైలుశాస్త్రమునకు మూలసూత్రము.

మా చిన్ననాటి జ్ఞాపక మొకటి ఇచ్చట చెప్పుటకు అనుజ్ఞ వేడుచున్నాము. ఒంటిలైను గల చిన్న స్టేషనులో సాయంకాలము మేము పిల్లలము చేరి నిలుచుండెడివారము. మెయిలు ఆ స్టేషనులో ఆగదు. పోర్టరు బెత్తపు వలయమొకటి చేతబట్టి ప్లాట్‌ఫారము చివర నిలుచును. ఇంజనులోనివాడు ఒంగి దానిని మోచేతికి తగిలించుకొని, తాను తెచ్చిన వలయమును క్రిందికి విసరును. వలయమునకు కట్టిన తోలుసంచిలో ఉక్కుగోళ మొకటి యుండును. దానిని టోకెను అందురు. ఆ గోళము చేతలేనిదే ముందరి స్టేషనువరకు గల దారిలోనికి డ్రైవరు పోరాదు. రెండు స్టేషనులలోని యంత్రములు ఒకదానికొకటి తంతితో ముడిపడియుండి, ఒక గోళము బయటనుండగా రెండవ గోళమును విడువవు. ఆ దినములలో మాకు అది వేడుక. ఎదురెదురుగా రెండు బండ్లు ఒక్క దారిలోనికి రాకుండ కాపాడుచున్న తాళపుచెవి ఆ గోళమేయని పెద్దయైన పిమ్మటగాని తెలియలేదు.

ఇక ఆగుదూరమునకును సిగ్నలునకును గల సంబంధము చూతము. ఎర్రదీపమును బండి ఆగవలసిన చోటనే పెట్టి ఊరకున్నచో ఏమి ప్రయోజనము? అది కనబడునప్పటికే వేళ మించిపోవును. కావున ఎర్రదీపమునుగూర్చి ముందే చెప్పు మఱియొక సిగ్నలు కావలెను. దానికి డిస్టెంటు సిగ్నలని పేరు. మన దేశమున రంగుదీపముల పద్ధతిలో దానిని మొదటి ఆగుసిగ్నలునకు కిలోమీటరు ముందు నిలుపుదురు. ఎక్కువ వేగమున బండ్లు పోవు దారులలో రెండు కిలోమీటర్ల దూరమున మఱియొకటి కూడ నిలుపుదురు. ఒక పసుపుదీపము కనబడినచో, తరువాతి సిగ్నలువద్ద ఆగుటకు సిద్ధముగా రమ్మని అర్థము. రెండు పసుపుదీపములు కనబడినచో, తరువాతి సిగ్నలును తగ్గించిన వేగమున దాటుటకు సిద్ధపడుమని అర్థము. ఆకుపచ్చ దీపమునకు అర్థము అందరెరిగినదే. కావున రైలువానికి ఎర్రదీపము ఆజ్ఞ, పసుపుదీపము అవకాశము. ఆ అవకాశమును జారవిడిచినచో ఆజ్ఞను పాలించు శక్తి ఎవరికిని ఉండదు.

అంతటితో ఆగక, ఎర్రదీపమునకు అవతల కూడ కొంత దారిని ఖాళీగా ఉంచుదురు. పాత రెక్కల పద్ధతిలో ముందు స్టేషనువారు బండిని రానిచ్చుటకు మొదటి ఆగుసిగ్నలునకు అవతల 400 మీటర్లు ఖాళీగా ఉండవలెను. రంగుదీపముల పద్ధతిలో 180 మీటర్లు చాలును. పట్టాలు తడిసి బ్రేకు ఒకింత జారినను, డ్రైవరు ఒకింత పొరబడినను, తట్టుకొనుటకు ఆ నేలను విడిచియుంచినారు. మనుష్యుడు తప్పు చేయునని ముందే ఎరిగి, ఆ తప్పునకు చోటు విడిచిన నియమము మిక్కిలి దయగలదని మేము భావించెదము.

గార్డు చేతి టపాకాయలలో కూడ ఈ లెక్కయే యున్నది. బండి ప్రమాదమునకు గురియై ప్రక్కలైనుకు అడ్డుపడినచో, గార్డో డ్రైవరో ఎదురు పరుగెత్తి బ్రాడ్‌గేజి దారిలో 600 మీటర్ల దూరమున ఒకటియు, 1,200 మీటర్ల దూరమున మూడును డిటొనేటర్లను పట్టాలకు బిగింపవలెను. వచ్చు బండి చక్రము వానిమీద పడినంతనే అవి ప్రేలును. డ్రైవరు బ్రేకు వేయును. 1,200 మీటర్లేల? ఇంతకుముందు వేసిన లెక్కను స్మరించినచో జవాబు మీకే తట్టును. ఆపదలో ఆ సిబ్బంది పరుగెత్తునది ఆగుదూరముతో పందెము వేసి.

ఇన్ని ఏర్పాట్లుండగా బండ్లు ఢీకొనుట ఏల? మూడు విధములుగా జరుగుచున్నది. సిగ్నలు నిజము చెప్పినను మనుష్యుడు పాటింపకుండుట మొదటిది. సిగ్నలే అబద్ధము చెప్పుట రెండవది. సిగ్నలు మూగవోవుట మూడవది.

మొదటిదానికి ఉదాహరణము 1952 అక్టోబరు 8వ తేదీన లండను చేరువనున్న హారో స్టేషనులో జరిగెను. పెర్త్‌నుండి వచ్చు రాత్రి ఎక్స్‌ప్రెస్ హెచ్చరిక సిగ్నలును, పిదప ఆగుసిగ్నళ్ళను దాటి వచ్చి, ఆగియున్న లోకల్ బండిని ఢీకొనెను. ఆ శకలములమీదికి ఎదురుదారిన మూడవ బండి దూసికొనివచ్చెను. 112 మంది మరణించిరి. ఎక్స్‌ప్రెస్ డ్రైవరును, ఫైర్‌మనును మరణించినందున ఆ సిగ్నళ్ళను ఏల దాటిరో తెలియకయే పోయెను. ఆ పిమ్మటనే అచ్చటి దారులలో సిగ్నలును చెవికి వినిపించి, డ్రైవరు బదులీయనిచో తానే బ్రేకు వేయు పరికరమును అమర్చుట ఊపందుకొనెను.

రెండవదానికి ఉదాహరణములు మన దేశముననే కలవు. 1995 ఆగస్టు 20వ తేదీన ఫిరోజాబాదు చేరువ కాళింది ఎక్స్‌ప్రెస్ ఒక నీలుగాయిని ఢీకొని, బ్రేకు చెడి దారిలో నిలిచిపోయెను. ఆ సంగతి నెరుగక వెనుకవచ్చు పురుషోత్తమ ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చిరి. 300 మందికి పైగా మరణించిరి. 2023 జూన్ 2వ తేదీన ఒరిస్సాలో బాలేశ్వరము చేరువ బహానగా బజారు స్టేషనులో జరిగిన ఘోరమును ఎవరును మఱువలేదు. ఆ కోరమండల్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖపట్నము, విజయవాడలమీదుగా మద్రాసు పోవు బండి. సిగ్నలు ప్రధానలైనునకు ఆకుపచ్చగా ఉండెను; పాయింట్లు మాత్రము లూపులైనునకు తిరిగియుండెను. లూపులైనులో గూడ్సుబండి నిలిచియుండెను. గంటకు 128 కిలోమీటర్ల వేగమున వచ్చు బండికి ఆగుదూరమెంతయో ఇంతకుముందు చెప్పుకొంటిమి. అచ్చట ఆ దూరములో స్వల్పభాగము కూడ లేదు. 290 మందికి పైగా ప్రాణములు పోయెను. సిగ్నలు తీగెల కలయికలో పూర్వము చేసిన మార్పులందును, ఒక గేటు మరమ్మతు పనియందును జరిగిన లోపములే కారణమని విచారణలో తేలెను. చెడినప్పుడు మేలువైపునకే చెడవలసిన యంత్రము, మనుష్యుని చేతి మార్పువలన కీడువైపునకు చెడెను.

మూడవది మన ఇంటిముంగిటనే జరిగెను. 2023 అక్టోబరు 29వ తేదీ రాత్రి విజయనగరము జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషనుల నడుమ, ముందు పోవుచున్న పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనుకనుండి ఢీకొనెను. 14 మంది మరణించిరి. అది తనంతతాను రంగులు మార్చుకొను ఆటోమేటిక్ సిగ్నళ్ళ దారి. చెడియున్న రెండు సిగ్నళ్ళను వెనుకబండి నియమానుసారము కాక దాటెనని ప్రాథమికవిచారణలో చెప్పబడెను. ఆ బండి నడిపినవారును మరణించిరి. ఇట్టి దారిలో ఎర్రగానున్న ఆటోమేటిక్ సిగ్నలువద్ద పగలు ఒక నిముషము, రాత్రి రెండు నిముషములు ఆగి, పిదప ఏ అడ్డు కనబడినను ఆపుకొనగలంత మెల్లగా నడుపవలెననునది నియమము. ఈ నియమసారమేమి? సిగ్నలు మాట యీయలేనప్పుడు కన్నులనే నమ్మవలెను. కన్నులను నమ్మునప్పుడు ఆగుదూరమును చూపుదూరమునకు లోబరచుకొనవలెను. ఇంతకంటె సూక్ష్మముగా రైలుభద్రతను చెప్పుట కష్టము.

నేడు ఈ మూడు విధముల ఆపదలకును యంత్రసహాయము వచ్చుచున్నది. మన దేశమున రూపొందిన కవచమను పద్ధతికి దక్షిణమధ్య రైల్వేలోనే 2016లో ప్రయాణికుల బండ్లపై తొలిపరీక్షలు జరిగెను. పట్టాల నడుమ అమర్చిన చిన్న పలకలవలన బండి తానెచ్చటనున్నదో తెలిసికొనును. రేడియోవలన ముందరి సిగ్నలు సంగతి తెలిసికొనును. ఆగుదూరమును క్షణక్షణము లెక్కించుకొని, డ్రైవరు వేగము తగ్గింపనిచో తానే బ్రేకు వేయును. 2022 మార్చి 4వ తేదీన సికిందరాబాదునకు పడమట గుళ్ళగూడ, చిట్‌గిద్ద స్టేషనుల నడుమ రెండు ఇంజనులను ఎదురెదురుగా నడిపి పరీక్షించిరి. ఒకదానిలో రైల్వేమంత్రియే యుండెను. ఎదుటి ఇంజనునకు 380 మీటర్ల దూరముననే అది తనంతట ఆగిపోయెను. 2023 నాటికి దక్షిణమధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల దారిలో దీని నమర్చిరి. సిగ్నలు ఇంజనీర్లకు శిక్షణ నిచ్చు సంస్థయు 1957 నుండి సికిందరాబాదుననే యుండుట మనకు సంతోషకరము.

అయినను యంత్రము వచ్చినది గదా యని నిశ్చింతగా నుండరాదు. కవచమునకు కూడ ముఖ్యమైన ఆధారము సిగ్నలు ఇచ్చు వార్తయే. ఆ వార్త పుట్టు తీగెలను కలుపువాడు మనుష్యుడు. వానిని పరీక్షించి సంతకము చేయువాడు మనుష్యుడు. రాత్రి రెండు గంటలకు ఇంజనులో కనురెప్ప వాల్పక కూర్చుండువాడు మనుష్యుడు. క్లేటన్ సొరంగమువద్ద ఇరువదినాలుగు గంటలు పనిచేసిన కావలివానిని జ్ఞాపకముంచుకొనుడని మేము కోరినది ఇందులకే. నిద్రలేని కన్నునకు పసుపుదీపము పసుపుగా కనబడునను పూచీ లేదు. ప్రమాదము జరిగిన మఱునాడు "డ్రైవరు తప్పు" అను రెండు మాటలతో విషయమును ముగించుట సులభము. ఆ తప్పునకు వెనుక అతనికి ఎన్ని గంటల విశ్రాంతి యిచ్చిరి, సిగ్నలు ఎన్ని దినములుగా చెడియున్నది, మరమ్మతు పనిని రెండవవాడు సరిచూచెనా యని అడుగుట కష్టము. కాని ప్రాణములను కాపాడునది ఆ రెండవ ప్రశ్నయే. ఆర్మా తరువాత వచ్చిన చట్టము ఒక్కని శిక్షించుటకై పుట్టినది కాదు. అట్టి తప్పునకు మరల చోటులేకుండ చేయుటకై పుట్టినది.

ఇందు మన వంతు కూడ కొంత కలదు. వేసిన గేటుక్రింద సైకిలు దూర్చి దాటునప్పుడు, పట్టాలవెంట నడచునప్పుడు, "బండి దూరముననున్నది గదా, చూచి ఆపును లే" అని మనము తలచుచుందుము. ఇప్పుడు మీకు లెక్క తెలిసినది. దూరముననున్న ఆ బండి మనలను చూచినను ఆపజాలదు. డ్రైవరు చేయగలిగినది కూత వేయుట, బ్రేకు పట్టుకొని చూచుచుండుట మాత్రమే. కోరని మరణమునకు సాక్షిగా నిలుచు దుఃఖమును అతనికి కలిగింపకుండుట మన చేతిలోని పని. గొలుసు లాగుటయు నిట్టిదే. నిష్కారణముగా ఒక బండిని దారిలో నిలిపినచో, దాని వెనుక వచ్చు బండి భద్రత యంతయు ఒక్క సిగ్నలుమీద వ్రేలాడును.

ఈ రాత్రి మీరు రైలులో పోవుచున్నచో, కిటికీ వెలుపల చీకటిలో ఒక పసుపుదీపము వెనుకకు పోవుట చూతురు. కొంత సేపటికి బండి మెల్లగిల్లును. ఏ స్టేషనును లేనిచోట ఆగిపోవును. పెట్టెలో ఒకరిద్దరు విసుగుకొందురు. ఆ విసుగునకు ముందు ఒక్క క్షణము ఆగి, ఆ పసుపుదీపము ఒక కిలోమీటరు ముందు చెప్పిన మాటను, ఆ మాటను విన్న మనుష్యుని స్మరింపుడు. ఆలస్యమైన బండి రేపైనను ఊరు చేరును.